దిగులుకు తోడైన పనులు: ఉత్తరాంధ్ర వ్యాపకాల చరిత్ర

మనసు బాగోలేని మనిషికి నలుగురూ ఇచ్చే సలహాల్లో ఏదో ఒక వ్యాపకం పెట్టుకోమనడం అన్నిటికన్నా పాతది, పైసా ఖర్చు లేనిది, చెప్పినంత తేలికగా ఆచరణకు రానిది. వైద్యశాస్త్రం కుంగుబాటు అని పిలిచే స్థితికి కనీసం రెండు వారాలపాటు, రోజులో ఎక్కువ భాగం, వదలని దిగులు గాని, అంతకుముందు ఇష్టంగా చేసిన పనుల మీద రుచి చచ్చిపోవడం గాని ముఖ్య లక్షణం. ఆందోళన రుగ్మత అనే మరో స్థితిలో ఇంకా రాని ఆపదను గురించిన భయం అదుపు తప్పి, గుండెదడగా, నిద్రలేమిగా, పని మొదలుపెట్టలేని జంకుగా బయటపడుతుంది. ఇష్టాన్నే హరించే జబ్బుకు ఇష్టమైన పనిని మందుగా చెప్పడం, కాలు విరిగినవాణ్ణి ఆసుపత్రికి నడిచి రమ్మన్నట్టే ఉంటుంది. అయినా ఆ సలహాలో నిజం లేకపోలేదు. లోపమల్లా, పనిని వెతుక్కునే భారాన్ని కూడా రోగి నెత్తినే పెట్టడంలో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల గతాన్ని ఈ కోణం నుంచి పరిశీలిస్తే, ఇక్కడ కలత పడిన మనసుకు ఆసరా అయిన పనులు చాలావరకు ఒంటరి మనిషి వెతుక్కున్నవి కావనీ, అవి గోడ మీద బొమ్మగానో, వాకిట్లో రాట్నంగానో, గురువున్న పాఠశాలగానో ముందే అమరి ఉండి మనిషిని తమలోకి చేర్చుకున్నాయనీ తెలుస్తుంది.

కుంగుబాటు అనే మాట నేటి వైద్యార్థంలో ఇటీవలిది. పాతకాలపు జనం బెంగ పెట్టుకున్నాడనీ, దిగులు పట్టుకుందనీ, గాలి సోకిందనీ అనుకునేవారు. ఆ మాటల వెనుక ఉన్న బాధ ఒక్కటే కావచ్చు, కాకపోవచ్చు. కాబట్టి చరిత్రలోని ఏ వ్యక్తికైనా ఈనాటి రోగనామాన్ని అంటగట్టడం న్యాయం కాదు. అయితే మనసు కలతకు చికిత్స అవసరమన్న ఎరుక మాత్రం ఈ దేశంలో ప్రాచీనమైనదే. చరకసంహిత సూత్రస్థానం చికిత్సను మూడు తెరగులుగా విభజించింది: మంత్రం, బలి, ఉపవాసం వంటివాటితో చేసేది దైవవ్యపాశ్రయం, ఆహారంతో, ఔషధంతో చేసేది యుక్తివ్యపాశ్రయం, మనసును దానికి హాని చేసే విషయాల నుంచి మళ్లించి నిలపడం సత్త్వావజయం. రోగాన్ని పెంచేవాటిలో విషాదానిదే మొదటి స్థానమని కూడా ఆ గ్రంథం చెబుతుంది. ఇది వైద్యుణ్ణి ఉద్దేశించి చెప్పిన శాస్త్రం. పల్లెల్లో, కొండల్లో మనసును మళ్లించే పని మాత్రం వైద్యుడి చేతుల్లో కాక వేరే చేతుల్లో జరిగింది.

ఆ చేతుల్లో కొన్ని సవరలవి. ముండా భాషా కుటుంబానికి చెందిన సవర భాష మాట్లాడే ఈ ఆదివాసులు, పూర్వం శ్రీకాకుళం జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చిన సీతంపేట కొండల్లోనూ, సరిహద్దు అవతల ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లోనూ నివసిస్తున్నారు. 1940లలో ఒడిశా వైపు సవర గ్రామాల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్, 1951లో వెలువడిన ‘ది ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా’లోనూ, 1955లో వెలువడిన ‘ది రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్’లోనూ వారి గోడచిత్రాలను విస్తారంగా నమోదు చేశాడు. సవరలు ఆ చిత్రాలను అందం కోసం వేయించుకునేవారు కారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, చావు జరిగినప్పుడు, పంట మీద భయం కలిగినప్పుడు, ఏ ఆత్మ అలిగి ఆ కష్టం తెచ్చిందని తేలితే ఆ ఆత్మకు గోడ మీద ఒక ఇల్లు కట్టి ఇచ్చేవారు. బొమ్మ అంటే అక్కడ ఆత్మ వచ్చి కూర్చునే చోటు.

చిత్రణ జరిగే తీరులో గమనించదగిన విషయాలు చాలా ఉన్నాయి. ముందుగా ఇంటి లోపలి గోడను ఎర్రమట్టితో అలికి ఆరనిస్తారు. బియ్యప్పిండిని నీళ్లలో కలిపి తెల్లరంగు చేసుకుంటారు. చివర కాస్త నలగగొట్టిన పుల్ల కుంచె అవుతుంది. చుట్టూ ఒక చట్రం గీసి, అది ఇల్లు అనుకుని, దాని లోపల వరుసలు వరుసలుగా మనుషులను, ఏనుగులను, గుర్రాలను, నెమళ్లను, చెట్లను, సూర్యచంద్రులను నింపుతారు. ఎల్విన్ చూసిన కాలానికే ఆ వరుసల్లోకి సైకిళ్లు, విమానాలు, కుర్చీలో కూర్చున్న అధికారులు కూడా చేరారు, ఎందుకంటే లోకంలో గొప్పగా కనిపించేవన్నీ ఆత్మలకు కూడా కావాలి కదా. బొమ్మ వేసేవాణ్ణి ఇట్టల్మరన్ అంటారు. ఆత్మలను పిలిచి పూనకంలో వారి మాటను పలికే వ్యక్తిని కురన్మరన్ అంటారు. బొమ్మ అయ్యాక కురన్మరన్ దాని ముందు కూర్చుని, అన్నం, కల్లు పెట్టి, ఆత్మను పిలిచి చూసుకోమంటాడు. ఆత్మ అతని నోట మాట్లాడుతూ ఇది తక్కువైంది, అది మరిచారు అని వంక పెడితే, ఇట్టల్మరన్ మళ్లీ పుల్ల చేతబట్టి, అడిగినదాన్ని చేర్చి, ఆత్మ సరే అనే దాకా దిద్దుతాడు.

ఇక్కడ బొమ్మ గీసేది రోగి కాదు; కనుక దీన్ని నేటి అర్థంలో అభిరుచి అనడం కుదరదు. అయితే రోగి కుటుంబమంతా ఒక గోడ ముందు చేరి, బాధకు ఒక రూపం కల్పించి, ఆ రూపంలో లోపాలు దిద్దుతూ పూట గడపడమన్నది చిన్న విషయం కాదు. కష్టం ఏమిటో చెప్పలేక కుమిలిపోయే మనిషి ఎదుట ఆ కష్టమే ఏనుగెక్కి నిలబడుతుంది, దానితో బేరమాడవచ్చు. కళ తానే మంచం దగ్గరికి నడిచి వస్తుంది గనుక, లేచే ఓపిక లేని మనిషిని కదలమని ఎవరూ అడగరు.

1970ల మధ్య నుంచి ఒడిశా సవరల మధ్య పనిచేసిన మరో మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ, 1993 నాటి తన గ్రంథం ‘డైలాగ్స్ విత్ ద డెడ్’లో ఇదే సమాజంలోని మరో ఆచారాన్ని వివరించాడు. చనిపోయినవారు పూనకంలో ఉన్న స్త్రీ నోట వచ్చి బంధువులతో మాట్లాడతారు. బతికున్నవాళ్లు వారితో పోట్లాడతారు, ఏడుస్తారు, ఎందుకు పోయావని నిలదీస్తారు, బాకీల సంగతి అడుగుతారు. మొదట్లో బంధువులకు తాను చచ్చిన జబ్బునే అంటించే ప్రమాదకరమైన ఆత్మ, ఏళ్ల తరబడి సాగే ఈ సంభాషణల్లో క్రమంగా మెత్తబడి, కుటుంబాన్ని కాపాడే పితరుడిగా మారుతుంది. దుఃఖం, విషాదరోగం అనే రెండింటి మధ్య తేడాను చర్చిస్తూ సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో ప్రచురించిన వ్యాసంతో విటెబ్‌స్కీ దీన్ని పోల్చి చూశాడు. పోయినవారి నుంచి మనసును విడదీసుకుంటేనే ఆరోగ్యమన్నది ఫ్రాయిడ్ ఆనాటి వాదన కాగా, పోయినవారితో సంబంధాన్ని తెంచుకోకుండా దాని స్వభావాన్ని మార్చుకోవడమే సవరల మార్గం. తరువాతి దశాబ్దాల్లో యువతరం బాప్టిస్టు క్రైస్తవంలోకి మారడంతో ఈ సంభాషణలు చాలా ఊళ్లలో ఆగిపోయాయి. బొమ్మలు మాత్రం గోడల నుంచి గుడ్డ మీదకూ కాగితం మీదకూ దిగి, అమ్మకపు వస్తువులై, వేసేవాడికి కూలి తెచ్చే పనిగా కొత్త బతుకు బతుకుతున్నాయి.

సవర భాష బయటి ప్రపంచానికి తెలియడం వెనుక కూడా ఒక బడిపంతులు వ్యాపకమే ఉంది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వెంకటరామమూర్తి, విజయనగరం మహారాజా వారి పాఠశాలలో గురజాడ అప్పారావుకు సహాధ్యాయిగా చదువుకుని, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరాడు. తండ్రి పోయి, కుటుంబ భారం మీద పడి, పై చదువులు చదివే వీలు లేక చిన్న జీతానికి కుదిరిన ఆ యువకుడు, బడి వేళలు పోగా మిగిలిన కాలంలో ముఖలింగం గుడి శాసనాల లిపి చదవడం తనంత తానుగా నేర్చుకున్నాడు. ఆ తరువాత సవరల భాష మీద మనసుపడి, ఆ భాష తెలిసినవాణ్ణి ఇంట్లో ఉంచుకుని మాట మాట నేర్చుకున్నాడు. కొండల్లో తిరిగినందుకు మలేరియా వచ్చిందనీ, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నదనీ ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. పలుకుబడిని చెవితో పట్టుకునే పనిలో ఉన్నవాడికి చెవుడు రావడం కన్నా క్రూరమైన సంగతి ఉండదు. అయినా పని ఆగలేదు: 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిషు నిఘంటువు అచ్చయ్యాయి, కుమారుడు సీతాపతి ఆ పనిలో చేదోడుగా నిలిచాడు. గిడుగు కుంగుబాటుతో బాధపడ్డాడని చెప్పడానికి ఆధారం లేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. వాడుక మాటనే రాతలోకి తేవాలన్న వ్యావహారిక భాషోద్యమంలో పండితుల తిట్లు, గ్రాంథికవాదుల చేతిలో ఓటములు ఏళ్లపాటు భరించిన మనిషికి, ఆ పోరుతో సంబంధం లేని మరో పని, మరో భాష, మరో స్నేహబృందం ఉండడం మాత్రం గుర్తించదగినదే.

కొండ దిగి మైదానంలోకి వస్తే పొందూరు కనిపిస్తుంది. శ్రీకాకుళం, ఆముదాలవలసలకు దగ్గరలోని ఈ ఊరు సన్న ఖద్దరుకు పేరు మోసింది. ఇక్కడి స్త్రీలు కొండపత్తిని, పునాస పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్ల వరుస గింజను అంటిపెట్టుకున్న పోగులను ఒకే దిశకు తెచ్చి, చెత్తను, పొట్టి పోగులను వేరుచేస్తుంది. తరువాత పలక మీద పత్తిని పరిచి సన్నని ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు, చిన్న వింటి తాడుతో ఏకుతారు, ఏకిన దూదిని ఏకులుగా చుట్టి ఎండిన అరటి బోదె పొరలో ఉంచి, చేతి చెమట అంటకుండా ఆ పొరతోనే పట్టుకుని ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. నూలు సన్నదనాన్ని కౌంటు అనే లెక్కతో కొలుస్తారు: ఒక పౌను నూలులో 840 గజాల పొడవున్న చిలపలు ఎన్ని వస్తే అన్ని కౌంట్లు. పొందూరులో సాధారణమైన 100 కౌంటు నూలు అంటే, అరకిలో కన్నా కాస్త తక్కువ పత్తి నుంచి దాదాపు 77 కిలోమీటర్ల దారం తీసినట్టు. ఎడమచేతి వేళ్లు ఏమరితే దారం తెగుతుంది. ఏమరకపోతే చేయి ఎంత దూరం వెనక్కి పోతే అంత దూరం దారం వస్తూనే ఉంటుంది. రాబోయే కీడును తలచుకుంటూ ఈ పని చేయడం కష్టమని వడికే చేతిని చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

ఇదే పని ఇరవయ్యో శతాబ్దంలో రెండు రకాల మనుషుల చేతుల్లో రెండు అర్థాలు సంతరించుకుంది. 1924 డిసెంబరులో గాంధీ అధ్యక్షత వహించిన బెళగావి కాంగ్రెసు, సభ్యత్వానికి నెలకు 2000 గజాల నూలును చందాగా నిర్ణయించింది. ఆ నియమం మరుసటి సంవత్సరమే సడలిపోయినా, రోజుకు అరగంట రాట్నం ముందు కూర్చోవడం అనేకమంది వకీళ్లకు, ఉపాధ్యాయులకు, జైలు జీవితం గడిపినవారికి అలవాటైంది. గాంధీ స్వయంగా యెరవాడ జైలులో వడుకుతూ, అది మనసుకు నెమ్మదినిస్తుందని పలుమార్లు రాశాడు. ఆ వకీళ్లకు రాట్నం వ్యాపకం. పొందూరు ఆడవాళ్లకు అది బియ్యం డబ్బు. చిలపల లెక్కన కూలి దొరికే స్త్రీకి రాట్నం శాంతినిచ్చిందా, నడుము నొప్పినిచ్చిందా అన్నది ఆమెనే అడగవలసిన ప్రశ్న, కాని ఖద్దరు సాహిత్యం ఆ ప్రశ్న అడగడానికి పెద్దగా ఇష్టపడలేదు. ఒక్క సంగతి మాత్రం రాట్నం చుట్టూ నిజం: వాకిట్లో నలుగురు కూర్చుని చేసే పని గనుక, ఒకామె మాట తగ్గినా, చేయి మందగించినా పక్కనున్న ముగ్గురికి ఆ పూటే తెలిసిపోతుంది.

ఊరి రామాలయాల దగ్గరి భజనలు, కోలాటాలు, యాదవుల తప్పెటగుళ్లు, తూర్పు భాగవతం, జముకుల కథ కూడా ఇలాంటి గుంపు పనులే. వీటిలో తప్పెటగుళ్లది ప్రత్యేకమైన తీరు: గుండెకు కట్టుకున్న గుండ్రని వాద్యాన్ని రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో, పదిహేను ఇరవై మంది ఒకే అడుగు వేస్తారు. గుంపులో ఒకడు అడుగు తప్పితే ఆట ఆగదు, పక్కవాడి అడుగు చూసి వాడే మళ్లీ అందుకుంటాడు.

ఈ ప్రాంతంలో వ్యాపకానికి పెద్ద సంస్థారూపం కట్టిన ఊరు విజయనగరం. 1919 ఫిబ్రవరిలో పూసపాటి విజయరామ గజపతిరాజు స్థాపించిన విజయరామ గాన పాఠశాల, ఇప్పటి మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల, ఎందుకు పుట్టిందన్నదానికి ఊరంతా చెప్పుకునే కారణం ఒకటుంది: సంస్థాన ఉద్యోగి ఒకరి కుమారుడు చూపు లేనివాడనీ, అతనికి సంగీతం మీద మక్కువనీ, చూపు లేని యువకుడికి సంగీతం నేర్పించే ఏర్పాటు ఊళ్లో లేదని తెలిసి మహారాజు పాఠశాలనే పెట్టించాడనీ అంటారు. ఒక్కడి కోసం ఒక బడి తెరవడం సంస్థానాధీశులకే చెల్లిన వైభవం కావచ్చు. అయితే ఆ బడి ఒక్కడి కోసం ఆగిపోక, తలుపు అందరికీ తీసి ఉంచడమే దాని చరిత్రలో అసలైన విశేషం. మొదటి ప్రధానాచార్యుడు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు. చిడతలు పట్టి, గజ్జె కట్టి, ఒక్కడే నిలబడి పాట, మాట, ఆట మూడింటితో కథ నడిపే హరికథ అనే ప్రక్రియకు ఆయన పితామహుడుగా ప్రసిద్ధుడు. 1864లో పుట్టి 1945 జనవరి 2న కన్నుమూశాడు.

వాయులీన ఆచార్యుడుగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు కథ ఈ చర్చకు మరింత దగ్గరిది. 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన ఆయనకు చిన్ననాటి నుంచే చూపు మందం; ఆ కారణంగా బడి చదువు ముందుకు సాగలేదు. బడి వద్దన్న పిల్లవాడి చేతికి వాయులీనం ఇచ్చి అన్న వెంకటకృష్ణయ్య తొలి పాఠాలు చెప్పాడు. విజయనగరం పాఠశాలలో విద్యార్థిగా చేరడానికి వచ్చినవాణ్ణి, వాయించగా విని, ఆచార్యుడుగా నియమించారని ప్రతీతి; వయస్సు అప్పటికి పాతికేళ్లు దాటింది. 1936లో నారాయణదాసు తరువాత ప్రధానాచార్యుడై, 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు పొంది, 1957లో పద్మశ్రీ అందుకుని, 1964 నవంబరులో మరణించాడు. చూపు తగ్గినవాడికి చేతిపని, చూపు లేనివాడికి స్వరం, ఇవి సానుభూతితో చేసిన దానాలుగా కాక, పరీక్షలు, గురువులు, సాటి విద్యార్థులు, ఏళ్ల సాధన ఉన్న విద్యగా విజయనగరంలో నిలబడ్డాయి. కాలక్షేపానికి, విద్యకు మధ్య ఉన్న ఈ తేడా చిన్నది కాదు, ఎందుకంటే కాలక్షేపం మనసు బాగున్న రోజునే సాగుతుంది. మనసు బాగోలేని రోజున కూడా మనిషిని పాఠానికి లేపేది గురువుకు చెప్పవలసిన జవాబు.

ఈ పాఠశాల నీడన పెరిగినవారిలో గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు అందరికీ తెలిసినవాడు. కృష్ణా జిల్లా చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టి, పదకొండేళ్ల ప్రాయంలో తండ్రిని పోగొట్టుకుని, సంగీతం నేర్చుకోవాలనే పట్టుదలతో ఊరుకాని ఊరు వచ్చిన ఆ కుర్రవాడికి సత్రం భోజనం కూడా కొన్నాళ్లకు దూరమైతే, ఇల్లిల్లూ తిరిగి వండిన అన్నం అడిగి తెచ్చుకునే మధుకరం అనే పద్ధతిలో పొట్ట నింపుకున్నాడు. సాలూరుకు చెందిన పట్రాయని సీతారామశాస్త్రి అతన్ని చేరదీసి, ఇంటివద్ద డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పాడు. ఘంటసాల కీర్తి గురించి రాసేవాళ్లు మధుకరాన్ని దీక్షకు గుర్తుగా చెప్పి ముందుకు సాగిపోతారు. కాని ఆ జోలెలో అన్నం వేసిన గుమ్మాలు లేకపోతే ఆ దీక్ష ఎన్నాళ్లు నిలిచేదన్న ప్రశ్న వేసుకోవడం అవసరం. సాధన చేసే పిల్లవాడికి అన్నం పెట్టడం ఆనాటి విజయనగరంలో ఒక పద్ధతి. పాఠశాల భవనం ఎంత అవసరమో ఆ పద్ధతీ అంతే అవసరమైంది.

జీవనోపాధితో కలపకుండా కళను పక్కన పెంచుకున్నవారిలో మాత్రం శ్రీపాద పినాకపాణికి సాటి రాగలవారు ఈ ప్రాంతంలో తక్కువ. శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో 1913 ఆగస్టు 3న పుట్టిన ఆయన విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, వైద్యశాస్త్రంలో పై పట్టా పొంది, వైద్య కళాశాల ఆచార్యుడుగా కర్నూలులో పదవీ విరమణ చేశాడు. పగలు రోగులు, వైద్య విద్యార్థులు. ఉదయం, రాత్రి శిష్యులు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ ఆయన దగ్గర నేర్చుకున్నవారే. సంగీత సౌరభం సంపుటాల్లో వందలాది కృతులను స్వరలిపితో నమోదు చేసి, 1983లో సంగీత కళానిధి, 1984లో పద్మభూషణ్ అందుకుని, వంద ఏళ్లకు కొద్ది నెలల దూరంలో 2013 మార్చి 11న కన్నుమూశాడు. కచేరీ ఆదాయం మీద ఆధారపడనవసరం లేనివాడు గనుక కళను అమ్మకుండా ప్రేమించగలిగాడనడం తేలిక. ఆసుపత్రి నుంచి అలసి వచ్చిన మనిషి తంబూరా శ్రుతి చేయడం వెనుక, గుమ్మంలో పాఠానికి వేచి ఉన్న శిష్యులు ఉన్నారన్నది కూడా అంతే నిజం.

ఈ తలుపులు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. కులం, లింగం, డబ్బు మూడూ గడపలో కాపలా కాశాయి. 1915లో శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడిన చాగంటి సోమయాజులు, చాసోగా తెలుగు కథలో చిరస్థానం సంపాదించినవాడు, ‘వాయులీనం’ అనే కథలో ఈ సంగతిని ఏ ఉపన్యాసమూ లేకుండా చూపించాడు. పెళ్లికి ముందు నేర్చుకున్న వాయులీనం సంసారంలో మూల పడిపోవడం, ఆ ఇల్లాలికి జబ్బు చేస్తే వైద్యం ఖర్చుకు ఆ వాయులీనమే అమ్ముడుపోవడం అందులోని ఇతివృత్తం. ప్రాణం నిలబెట్టడానికి, ఆ ప్రాణానికి ఇష్టమైనదాన్ని అమ్మవలసి వచ్చే ఇళ్లు ఉత్తరాంధ్రలో లెక్కకు మించి ఉన్నాయి. ఇల్లాలి ఇష్టం మొదట అమ్ముడుపోయే వస్తువు కావడం యాదృచ్ఛికం కాదు.

ఇదే కాలంలో ప్రభుత్వం కట్టిన తలుపు మరో రకంది. మద్రాసు రాజధానిలో పిచ్చాసుపత్రులు మద్రాసు, కాలికట్, విశాఖపట్నాల్లో ఉండేవి; ఉత్తర సర్కారుల రోగులకు విశాఖపట్నమే దిక్కు. 1796లో ఇంగ్లండులోని యార్కులో క్వేకర్లు నెలకొల్పిన రిట్రీట్ అనే ఆశ్రమం గొలుసులు తీసేసి, తోటపని, కుట్టుపని, సంభాషణలతో రోగిని చూసుకోవడం మొదలుపెట్టింది. ఈ పద్ధతికి నైతిక చికిత్స అని పేరు. ఆ ఆదర్శం వలస రాజ్యపు ఆసుపత్రులకు చేరేసరికి తోటపని, నేతపని మిగిలాయి గాని, ఆ పని రోగి మేలుకా, ఆసుపత్రి ఖర్చు తగ్గించడానికా అన్నది వార్షిక నివేదికల్లో కూడా తేలని సంగతి అయింది. పనినే చికిత్సగా శాస్త్రీయంగా ప్రయోగించే వృత్తి, అంటే ఆక్యుపేషనల్ థెరపీ, అమెరికాలో 1917లో ఒక సంఘంగా రూపుదిద్దుకున్నది. 1970ల నుంచి మానసిక వైద్యులు బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతిని కుంగుబాటుకు వాడుతున్నారు: ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామని కూర్చోకుండా, చిన్న చిన్న పనులకు వేళలు నిర్ణయించి, చికిత్సకుడి తోడుతో వాటిని చేయించి, చేయడం నుంచి ఉత్సాహాన్ని రప్పించడం దాని కీలకం. విజయనగరంలో తెల్లవారుజామున పాఠానికి లేచిన కుర్రవాడికి ఈ పేరు తెలియకపోయినా, వేళ, తోడు అనే రెండు దినుసులు మాత్రం తెలిసినవే.

ఇటీవలి పరిశోధనలు కూడా ఈ దిశలోనే సాగుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రచురించిన సమీక్ష, కళలకు, ఆరోగ్యానికి మధ్య సంబంధం మీద వచ్చిన 3000కు పైగా అధ్యయనాలను క్రోడీకరించింది. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వెలువడిన మరో అధ్యయనం 16 దేశాల్లో 65 ఏళ్లు దాటిన 93,263 మందిని పరిశీలించి, వ్యాపకం ఉన్నవారిలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా ఉన్నాయని తేల్చింది. అందులో ఎక్కువ ఆలోచింపజేసేది మరో అంకె: వ్యాపకం ఉందని చెప్పినవారు డెన్మార్కులో దాదాపు నూటికి 96 మంది కాగా, స్పెయిన్‌లో 51, చైనాలో 38 లోపు. దేశాన్ని బట్టి ఇంత తేడా రావడం చూస్తే, వ్యాపకం అనేది మనిషి గుణం మీద కన్నా, అతని చుట్టూ ఉన్న తీరిక, ఆదాయం, సంస్థల మీద ఎక్కువగా ఆధారపడుతుందని అనుకోవడానికి గట్టి ఆధారం దొరుకుతుంది. ఇలాంటి అధ్యయనాలు వ్యాపకమే జబ్బును తగ్గించిందని రుజువు చేయవు, ఆరోగ్యంగా ఉన్నవారే వ్యాపకం పెట్టుకుని ఉండవచ్చు. మందు, మాటల చికిత్స అవసరమైన చోట రాట్నమో వీణో వాటికి బదులు కాజాలవు. వస్తువు ఉన్నంత మాత్రానా సరిపోదు: బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు పనసమానులో చెక్కే వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు పెరిగింది. కాని ఆ వీణను వాయించడం నేర్పే గురువు పక్క ఊళ్లో లేకపోతే, దిగులుగా ఉన్న మనిషికి అది అద్దాల బీరువాలోని బొమ్మగానే మిగులుతుంది.

విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం, వాయులీనం, వీణ, మృదంగం, నాదస్వరం, డోలు, భరతనాట్యం నేటికీ నేర్పుతున్నారు. అందులో చేరే ఓపిక కూడా లేని స్థితిలో ఉన్నవారికి, వారిని చూసుకుంటున్న ఇంటివాళ్లకు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే పగలైనా రాత్రయినా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు చెల్లించనవసరం లేదు.